1757 బొబ్బిలా, 1794 పద్మనాభమా?

ఈ రెండు యుద్ధాల్లో ఏది ఎక్కువ ముఖ్యం? విజయనగరం వైపు యుద్ధం అనగానే ఎవరి నోటైనా వచ్చేది బొబ్బిలే. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు అక్కడి మట్టికోటను బద్దలుకొట్టాయి. ఫ్రెంచివాళ్లను వెంటబెట్టుకొచ్చింది విజయనగరం రాజు పెద విజయరామరాజు. కోట పడిపోతుందని తేలాక, ఆడవాళ్లను, పిల్లల్ని లోపలివాళ్లే చంపుకున్నారు. మూడు రోజులు తిరక్కుండానే విజయరామరాజు తన డేరాలోనే హతమయ్యాడు. పొడిచింది బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడని కథ. జంగాలు, బుర్రకథ దళాలు ఊరూరా పాడింది ఈ ఘట్టాన్నే.

విజయనగరం దగ్గరి పద్మనాభం యుద్ధానికి ఆ భాగ్యం లేదు. అక్కడ గొడవంతా ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కష్, అంటే కప్పం, బకాయిలది. డబ్బు లెక్కల మీద పాట కట్టడం ఎవరికైనా కష్టమే! 1794 జూలై 10న కంపెనీ సేన మీద పడితే, విజయనగరం రాజు చిన విజయరామరాజుతో పాటు మూడు వందల మందికి పైగా నేలకొరిగారు. గంటలోపే అంతా ముగిసింది.

సైనికంగా బొబ్బిలి మరీ చిన్నదేం కాదు. పెద విజయరామరాజు పోయాక విజయనగరం కొత్త రాజు ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్లతో చేతులు కలిపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు.

కానీ జనం బతుకు మీద పడిన దెబ్బ చూస్తే నా ఓటు 1794కే. విజయనగరం సంస్థానం బాగా కుదించుకుపోయింది, కంపెనీ పెత్తనానికి ఎదురు లేకుండా పోయింది, 1802లో శిస్తును శాశ్వతంగా ఖరారు చేసే పద్ధతి వచ్చింది. బొబ్బిలి కూడా మళ్లీ దాని పాత పాలకులైన రంగారావు వంశానికి దక్కింది 1794లోనే. ఇచ్చింది కంపెనీయే.