వాలుగకు సర్కిల్ హుక్: ఆరేళ్ళు కావేరిలో వాడాక

మారతహళ్ళి చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో గాలం పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువే. ఉన్నవాళ్ళు మాత్రం నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటి ఉంది: పెద్ద వాలుగకు ఏ ముల్లు కట్టాలి? ఆరేళ్ళుగా నేను కడుతున్నది దాదాపు ఒకే రకం. సర్కిల్ హుక్, 7/0 సైజు, మొన పక్కకు వంచకుండా కాడకు తిన్నగా ఉన్నది.

మాది రావులపాలెం. గౌతమి పాయలో మా తాత వేసే గాలాలకు మామూలు ముళ్ళే ఉండేవి. చేప లాగగానే చెయ్యి విదిల్చి కొట్టాలి. ఉద్యోగానికి బెంగళూరు వచ్చినా చేతికి ఆ అలవాటు పోలేదు. 2018 నవంబరులో కావేరి ఒడ్డున తలకాడు దగ్గర నాకూ మా బావకూ నాలుగడుగుల వాలుగ పడింది. నేను కొట్టడం ఆలస్యమై ముల్లు గొంతు దాటి లోపలికి దిగిపోయింది. చేపను వదిలేయాలనే అనుకున్నాం. దారం నోటి దగ్గరికంటా కోసి, పావుగంట సేపు నీళ్ళలో నిలబెట్టి పట్టుకున్నాం. అది ఈదలేదు, పొట్ట పైకి తేలింది. వాలుగ ఇప్పుడు ప్రపంచ స్థాయి జాబితాలోనే (ఐయూసీఎన్ రెడ్ లిస్ట్) ముప్పులో ఉన్న చేప. నాలుగడుగులు పెరగాలంటే అది ఎన్ని వరదలు చూసి ఉండాలి! ఇంటికి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. మర్నాడే సర్కిల్ హుక్‌ల గురించి వెతకడం మొదలుపెట్టాను.

ఈ ముల్లు చూడటానికి దాదాపు గుండ్రంగా ఉంటుంది, మొన లోపలికి, కాడ వైపు తిరిగి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఇది దేనికి గుచ్చుకుంటుందని అడుగుతారు. చేప ఎర మింగి పక్కకు తిరిగి వెళ్తుంటే దారం ముల్లును బయటికి లాగుతుంది. మొన లోపల దేనికీ తగలకుండా జారుతూ వచ్చి, నోటి మూలకు రాగానే తిరిగి అక్కడ దిగుతుంది. కొత్త వింతేమీ కాదు ఇది. పసిఫిక్‌లో హాలిబట్ చేపలు పట్టే పడవలవాళ్ళు 1980ల తొలి ఏళ్ళలోనే మామూలు ముళ్ళు మాని వీటికి మారారు, వాళ్ళకు చేప ఎక్కువ దక్కింది కూడా.

అయితే దీనితో కొట్టకూడదు. ఇదే అన్నిటికంటే కష్టం. రాడ్‌కు కట్టిన గంట మోగగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. కొడితే ముల్లు తిరిగే సమయం లేక ఎరతో సహా నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. మొదటి సీజన్‌లో మా బావ అలా వరసగా ఐదు చేపలు పోగొట్టుకున్నాడు. "కొట్టకుండా ఎలా ఉండమంటావురా, ప్రాణం లాగేస్తుంటే!" అనేవాడు. చివరికి రాడ్‌ను చేతిలో పట్టుకోవడమే మానేశాం. నేలలో గట్టిగా దిగే ఇనుప స్టాండుకు పెట్టి, రాడ్ వంగి వంగినట్టే నిలబడేదాకా ఆగి, అప్పుడు రీలు నెమ్మదిగా తిప్పుతాం. ఈ పద్ధతికి వచ్చాక ఐదేళ్ళలో మాకు పడ్డ వాలుగల్లో ఒక్కటి తప్ప అన్నిటికీ ముల్లు నోటి మూలలోనే దొరికింది. ఆ ఒక్కటీ మొన పక్కకు వంచిన రకానికి పడింది. అందుకే కొనేటప్పుడు ముల్లును బల్ల మీద పడుకోబెట్టి చూడండి. మొన పైకి లేచి ఉంటే వద్దు.

సైజు అంకెల దగ్గర కొత్తవాళ్ళు తికమక పడతారు. పక్కన గీత, సున్నా ఉన్న సైజుల్లో అంకె పెరిగేకొద్దీ ముల్లు పెద్దది. ఉత్త అంకెలు మాత్రమే ఉంటే అంకె పెరిగేకొద్దీ చిన్నది. పైగా ఒక కంపెనీ 7/0, ఇంకో కంపెనీ 7/0 ఒకేలా ఉండవు. నేను అంకె చూడటం మానేసి మొనకూ కాడకూ మధ్య సందు చూస్తాను. నా బొటనవేలు వెడల్పు కంటే తక్కువ ఉంటే వాలుగకు పనికిరాదు.

ఎక్కువ కాలం వాడింది మస్టాడ్ ముళ్ళు, కొన్నాళ్ళు గామకట్సు. రెండూ బాగా నిలిచాయి. మధ్యలో ఒకసారి ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తున్నాయని పేరూ ఊరూ లేని వంద ముళ్ళ ప్యాకెట్ తెప్పించాను. రెండో రాత్రే ఒక పెద్ద చేప ముల్లును తిన్నగా సాగదీసి వెళ్ళిపోయింది. మిగిలినవాటిని ఇంట్లో ప్లయర్‌తో వంచి చూస్తే కొన్ని పుల్లల్లా విరిగాయి, కొన్ని మెత్తగా వంగాయి. అన్నీ పారేశాను. ముల్లు దగ్గర మిగిల్చే డబ్బు అసలు డబ్బే కాదు. మంచి ముల్లునైనా ప్రతి రాత్రికి ముందు గోటి మీద గీసి చూస్తాను. జారితే ఆకురాయి పెట్టాలి, గోటికి పట్టుకుంటే చాలు. బార్బ్‌ను, అంటే మొన వెనక ఉండే ఎదురు కొక్కేన్ని, ప్లయర్‌తో నొక్కేస్తాను. దారం బిగువు సడలనంత కాలం చేప జారదు, తీసేటప్పుడు ఒక్క తిప్పుతో వచ్చేస్తుంది.

ఎర గుచ్చడంలో కూడా పాత అలవాటు మార్చుకోవాలి. ముల్లును ఎరలో దాచేస్తే ఇది పనిచేయదు. చచ్చిన పరిగెను పెదవుల దగ్గర ఒక్కసారి గుచ్చి మొన మొత్తం బయట పెట్టండి. బొచ్చె ముక్కయితే తోలు వైపు అంచున గుచ్చండి. కోడి పేగులు వాడి చూశాను, ముల్లు చుట్టూ చుట్టుకుపోయి సందు మూసేస్తున్నాయి, మానేశాను. వాలుగ పళ్ళు సన్నగా, గుత్తులుగా, రంపంలా ఉంటాయి. మామూలు దారాన్ని అరగదీస్తాయి కాబట్టి ముల్లుకు పైన రెండడుగుల మేర 80 పౌండ్ల బరువు ఆపే నైలాన్ దారం కడతాను, ప్రతి చేప తర్వాత దాన్ని వేళ్ళతో తడిమి గరుకు తగిలితే మార్చేస్తాను.

ఇక చోటు సంగతి. దీని మీదే నేను ఎక్కువ కాలం పోగొట్టుకున్నాను.

తలకాడు ఇసుకైపోవాలి, పక్కనున్న మాలంగి మడుగైపోవాలి అని ఒకప్పటి రాణి అలమేలమ్మ శపించిందని అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. కన్నడలో వాళ్ళు 'మడువు' అంటారు, మన మడుగే. ఆ మాట పట్టుకుని ఏడాదిన్నర పాటు లోతు నడిమధ్యకే ఎర వేశాను. చేప ఉన్నది లోతులోనే కదా అనుకున్నాను. రాత్రంతా కూర్చుంటే ఒకటో రెండో తాకిళ్ళు. పుట్టి వేసే ఒక పెద్దాయన ఒకనాడు నా గాలం పడిన చోటు చూసి, "అది మలగువ జాగ అణ్ణా, ఊటద జాగ అల్ల" అన్నాడు. అది పడుకునే చోటు, తినే చోటు కాదని. వాలుగ పగలు గట్టు కింద గుహల్లో, లోతులో నక్కి ఉంటుంది. చీకటి పడ్డాక పరిగెలు తిరిగే లోతు తక్కువ నీళ్ళ వైపు వస్తుంది. ఎర వేయాల్సింది ఆ దారిలో, అంటే మడుగు చివర నేల మెల్లగా పైకి లేచి ఇసుకమేటగా మారే అంచున. అప్పటి నుంచి మా రాత్రులే మారిపోయాయి.

ఆ అంచును ఎలా కనుక్కోవాలి? ఎండ ఉండగానే వెళ్ళి, సీసం గుండు ఒక్కదాన్నే విసిరి, నేల తగిలేదాకా అంకెలు లెక్కపెడతాను. పన్నెండు వచ్చిన చోటి నుంచి కొంచెం కొంచెంగా పక్కకు విసురుతూ పోతే పన్నెండు కాస్తా తొమ్మిదై, ఒక్కసారిగా ఐదు అవుతుంది. ఆ తొమ్మిదికీ ఐదుకూ మధ్యే నా చోటు. నీటి మీద నురగ గీతగా సాగుతూ ఉంటే వేగం నీరూ నెమ్మది నీరూ కలిసే హద్దు అదేనని గుర్తు. ఎర ఆ గీతకు నెమ్మది వైపు పడాలి. వాసన కిందికి కొట్టుకుపోతుంది కాబట్టి చేప దాక్కునే చోటికి కొంచెం పై భాగాన వేయాలి. వాలుగకు మీసాలే ముక్కు, నాలుక.

కొత్త నీరు కొద్దిగా తగ్గుతూ, ఎరుపు పలచబడే రోజులు నాకు అన్నిటికంటే బాగా కలిసొచ్చాయి. జూన్, జూలైలో మాత్రం వెళ్ళను. తొలి వానలకు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేప అది.

ఆనకట్ట కిందే నిలబడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను అక్కడ వేయను. పైన కబిని, కృష్ణరాజసాగర్ డ్యాములు రెండింటి నీరూ కలిసి వస్తుంది. రాత్రి గేట్లు ఎత్తితే చప్పుడు వినేలోపే కాళ్ళ కింద ఇసుక జారుతుంది. ఎక్కడ కూర్చున్నా నీటి అంచున ఒక కర్ర గుచ్చి గంటకోసారి టార్చి వేసి చూస్తాం. రెండుసార్లు ఆ కర్రే మమ్మల్ని సామాను సర్దుకునేలా చేసింది. ఇంకొక ముఖ్యమైన సంగతి: ముత్తత్తి, భీమేశ్వరి, సంగమ కావేరి వన్యప్రాణి అభయారణ్యంలోవి, అక్కడ గాలం తీయనే తీయకండి. మిగతాచోట్ల కూడా ముందు మత్స్యశాఖ ఆఫీసులో అనుమతి సంగతి కనుక్కుని, ఆ ఊరి జాలర్లతో ఒక మాట చెప్పి కూర్చోండి.

ఈ ముల్లుకు ఆఫ్రికన్ క్లారియస్ (ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్) కూడా పడుతుంది. మన దేశంలో పెంపకం నిషేధించినా నదుల్లోకి చేరిపోయిన చేప అది. దాన్ని మాత్రం నేను తిరిగి నీళ్ళలో వదలను.

జెల్ల దగ్గర ఈ సైజు ఓడిపోతుంది. దాని నోరు కిందికి, చిన్నగా ఉంటుంది, ఎర కొసలు కొరికి పోతుంది. పోయిన శీతాకాలం నుంచి రెండో రాడ్‌కు 3/0 కట్టి చూస్తున్నాను. మూడు జెల్లలు నోటి మూలలోనే పడ్డాయి, నాలుగైదు ఊడిపోయాయి. తీసేటప్పుడు రెక్కల దగ్గరి ముళ్ళతో జాగ్రత్త, పొడిస్తే రాత్రంతా చెయ్యి సలుపుతుంది. ఈ సెప్టెంబరులో 2/0 కూడా కట్టి చూడాలని మా బావ అంటున్నాడు, ప్యాకెట్ ఇప్పటికే కొన్నాడు.