ఆ స్టేషన్ పక్క వెంచర్‌లో ప్లాటు కొనేముందు స్టేషన్ దాకా ఒకసారి నడవండి

కాజీపేట, జనగామ మధ్య స్టేషన్ పక్కన వేసిన వెంచర్ ఏదో మీకు తెలిసే ఉంటుంది, హన్మకొండ నిండా దాని హోర్డింగులే. పేరు రాయట్లేదు. నిన్న సాయంత్రం అక్కడి నుంచి వచ్చాను, కోపం ఇంకా తగ్గలేదు.

నేను వరంగల్ స్టేషన్ రోడ్డులో పెరిగాను. కింద కొట్టు, పైన ఇల్లు. రైలు కూత వినపడ్డాక బయల్దేరినా బండి అందేది. మా ఆవిడ జనగామలో టీచర్, రోజూ పాసు మీద అప్ అండ్ డౌన్. అందుకే కింద షాపులు, పైన ఇళ్లు, చెట్ల నీడన ఫుట్‌పాత్, ఐదు నిమిషాల్లో స్టేషన్ అనగానే మనసు పడ్డాను. స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్లలో ఇలాంటి కాలనీలు రావాలని కేంద్రం 2017లో పాలసీ తెచ్చింది. బ్రోచర్‌లో అదీ వేశారు. మ్యాపులో స్టేషన్ చుట్టూ గుండ్రంగా గీత గీసి, మా ప్లాటును అందులోనే చూపించారు. నూట యాభై గజాలు, 18 లక్షలు. చిట్టీ ఎత్తి 3 లక్షలు కట్టాను. అగ్రిమెంట్ తర్వాత అన్నారు, సరేనన్నాను.

నిన్న నాన్నను తీసుకెళ్లాను. ఆయనకు మోకాళ్ల నొప్పి, చేతికర్ర లేనిదే నడవలేరు. ప్లాటు దగ్గర నుంచి స్టేషన్‌కు మెల్లగా నడిచి చూద్దామని బయల్దేరాం. మ్యాపులో ఆకుపచ్చ చుక్కలతో దారి చూపించిన చోట ప్రహరీ గోడ ఉంది. తలకంటే ఎత్తు, సిమెంటు ఇంకా ఆరలేదు. దాని అవతల పట్టాలు, పట్టాల అవతల ప్లాట్‌ఫాం. టికెట్ కౌంటర్, లోపలికి వెళ్లే దారి అన్నీ అటువైపే. ఇటు నుంచి ఫుట్ ఓవర్ బ్రిడ్జి లేదు. పట్టాలు దాటితే రైల్వే చట్టం 147 సెక్షన్ కింద కేసు. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్తే రెండున్నర కిలోమీటర్లు, బండి మీద కొలిచాను.

సైట్ ఆఫీసు కుర్రాణ్ణి అడిగాను. డబ్బు కట్టేదాకా సార్ అన్నవాడు, "ఐదు నిమిషాలని రాశాం అంకుల్, నడిచి అని ఎక్కడ రాశాం?" అన్నాడు. ఆ ఐదు నిమిషాల పక్కన నడిచే మనిషి బొమ్మ ఉంది, వేలు పెట్టి చూపించాను. వాడు నాన్న వైపు తిరిగి, "తాతకు ఒక స్కూటీ కొనివ్వండి" అని నవ్వాడు. నాన్న ఏమీ అనలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు. అవతల పుష్‌పుల్ రైలు వచ్చి ఆగింది, జనం ఎక్కారు, వెళ్లిపోయింది. ఆ వయసులో ఆయన ఆ మాట పడడానికి కారణం నేను. కొనేముందు వాళ్ల కార్లో వెళ్లి, ప్లాటు చూసి, అదే కార్లో తిరిగొచ్చాను. ఒక్కసారి దిగి నడవలేదు.

పొద్దున కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో లేఅవుట్ కాపీ చూశాను. షాపులని చెప్పిన ముందు వరుస మొత్తం ఇళ్ల ప్లాట్లే. అంటే పాల ప్యాకెట్‌కు కూడా బండి తీయాల్సిందే.

కొనేవాళ్లు లేఅవుట్ కాపీ, రెరా (ప్లాట్లు, ఇళ్ల అమ్మకాలను నియంత్రించే సంస్థ) ఇచ్చిన నంబరు ముందే చూసుకోండి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం 13వ సెక్షన్ చెప్తుంది. నా లెక్కన అది 1.8 లక్షలే, ఈ సంగతి కట్టాక తెలిసింది. ప్రకటనలో అబద్ధం చెప్పి అమ్మితే 12వ సెక్షన్ కింద వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు. నేను రెరాలో ఫిర్యాదు వేస్తున్నాను. అక్కడ కట్టినవాళ్లు బ్రోచర్, రసీదు పారేయకండి, అందరం కలిసి వెళ్దాం.