స్క్వేర్‌బాడీ సీ10 వెనక భాగం 5.5 అంగుళాలు దించాక: నాలుగేళ్ల వాడకం, 38 వేల మైళ్లు

బండి 1973–87 తరం షెవర్లే సీ10 పికప్ (డబ్బా ఆకారం వల్ల స్క్వేర్‌బాడీ అంటారు), టూ వీల్ డ్రైవ్, షార్ట్ బెడ్, వీల్‌బేస్ 117.5 అంగుళాలు. వెనక వేసినవి మూడు: యాక్సిల్ ఫ్లిప్ కిట్, బోల్టులతో బిగించే సీ-నాచ్ (యాక్సిల్ తగలకుండా ఛాసిస్‌లో కోసిన గండికి బలంగా వేసే సీ ఆకారపు ప్లేటు), పొట్టి షాక్ అబ్జార్బర్లు. తీర్పు ముందే చెప్పేస్తాను. బెడ్‌లో 800 పౌండ్లు వేసుకుని హాయిగా తిరగొచ్చు. 1,200 వేస్తే యాక్సిల్ వెళ్లి బంప్ స్టాప్ (ఛాసిస్‌కి తగలకుండా ఆపే రబ్బరు దిమ్మె) మీద కూర్చుంటుంది. వారం వారం మట్టి, కంకర తోలేవాళ్లు దీని జోలికి రావద్దు.

ఈ బండిలో కమాన్ కట్ట యాక్సిల్ మీద కూర్చుంటుంది. మన లారీల్లో ఉన్నట్టే. కాబట్టి చిన్న పికప్‌లలో చేసినట్టు మధ్యలో లోవరింగ్ బ్లాక్ పెడితే దిగాల్సింది పోయి పైకి లేస్తుంది. ఫ్లిప్ కిట్ కట్టను యాక్సిల్ కిందకి తెస్తుంది. యాక్సిల్ గొట్టం మందం 3 అంగుళాలు, కట్ట మందం దాదాపు 2, పైన పాత కుర్చీ (కట్ట ఆనే దిమ్మె), కింద కొత్త కుర్చీ కలిపి అర: మొత్తం ఐదున్నర. హౌసింగ్‌ను మాత్రం తలకిందులు చేయకూడదు. చేస్తే రివర్స్ గేరులో ముందుకి, మిగతా గేర్లన్నిట్లో వెనక్కి పోతుంది.

రెండు అంగుళాలు చాలనుకుంటే ఇంత పని అక్కర్లేదు, పొడవైన షాకిల్ (కట్ట వెనక చివరను ఛాసిస్‌కి కలిపే లింకు) చాలు. షాకిల్ ఎంత పొడవు పెరిగితే అందులో సగమే బండి దిగుతుందని గుర్తుంచుకుని కొనాలి. ఛాసిస్ కోయకుండా రోజూ వాడుకునే బండికి నా ఓటు దానికే.

అసలు కథంతా యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య మిగిలే ఖాళీలో ఉంది. ఈ బండిలో, ఖాళీ బెడ్‌తో, గొట్టం పైనుంచి ఛాసిస్ అడుగుకి 7 అంగుళాలు ఉండేది. ఐదున్నర పోతే మిగిలింది ఒకటిన్నర. స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఇనుము ఇనుముకి తగులుతుంది. నాచ్‌తో రెండున్నర తిరిగొచ్చింది, అంటే 4. అందులో అంగుళం మందం పొట్టి బంప్ స్టాప్‌కి పోతే చేతిలో ఉన్నది 3 అంగుళాలు. కిట్ ఆర్డర్ చేసేముందు మీ బండి కింద టేపు పెట్టి ఈ లెక్క వేసుకోండి. బండికున్న కమాన్ కట్టలు అలసిపోయి ఉంటే మొదటి అంకే తక్కువ వస్తుంది.

నాచ్ పనికి బెడ్ ఎత్తి పక్కన పెట్టడమే మేలు. పెట్రోలు పైపు, బ్రేకు పైపు, వైర్లు ఛాసిస్ పట్టుకునే పోతాయి. ఈ తరంలో ట్యాంకులు ఛాసిస్ బయటి పక్కనే వేలాడతాయి. ముందు వాటి సంగతి చూడకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు. నాచ్ ప్లేటునే అచ్చుగా పెట్టి గీత గీయాలి, ముందు బోల్టు రంధ్రాలు వేయాలి, తర్వాతే కోయాలి. ఒక పక్క కోసి, ప్లేటు బిగించి, అప్పుడే రెండో పక్క. రెండూ ఒకేసారి కోస్తే ఛాసిస్ కాస్త వంగినా ప్లేటు రంధ్రాలు కలవవు. కోతకి మూలలు ఉండకూడదు. మూల ఉన్నచోటే పగులు పుడుతుంది. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేసి, రంధ్రాల లోపలికి కూడా ప్రైమర్ పోయాలి. నాలుగేళ్ల తర్వాత చూస్తే, ప్రైమర్ సరిగా అందని ఒక్క రంధ్రం చుట్టూనే తుప్పు గీత కనిపించింది.

కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవే వాడాలి, పాతవి ఒకసారి సాగినవి. 100 మైళ్లకి ఒకసారి, 500కి ఇంకోసారి టార్క్ రెంచ్ పెట్టి చూడాలి. కట్ట రెండు చివర్ల బోల్టులు మాత్రం బండి బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. జాకీ మీద బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి ఉండిపోతుంది, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. గేర్‌బాక్స్ వెనక మూతి మూడు నాలుగు డిగ్రీలు కిందకి చూస్తుంటే, పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ ముందు మూతి) అంతే పైకి చూడాలి. తేడా ఒక డిగ్రీ దాటకూడదు. ఫ్లిప్‌కి తోడు పొడవు షాకిల్ కూడా వేస్తే కట్ట వెనక చివర పైకి లేచి పినియన్ ముక్కు కిందకి వాలుతుంది. 50 మైళ్ల వేగం దగ్గర సీటు కింద సన్నటి వణుకు వస్తే టైర్ బ్యాలెన్స్ చేయించడానికి పరిగెత్తకుండా ముందు యాంగిల్ మీటరు పెట్టి చూడండి. ఇక్కడ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే 2 డిగ్రీల ఏటవాలు స్టీలు ముక్కతో, అంటే షిమ్‌తో, సరిపోయింది. అల్యూమినియం షిమ్‌లు చవకే గానీ నలిగి పగులుతాయి. అవి నలిగితే యూ బోల్టులు వదులైనట్టే. లాంగ్ బెడ్‌లో రెండు ముక్కల షాఫ్ట్ ఉంటే నడిమి బేరింగ్ ఎత్తు కూడా చూసుకోవాలి.

ఇక బరువు. 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు పది, సరిగ్గా యాక్సిల్ మీదకి వచ్చేలా పేర్చి కొలిస్తే వెనక భాగం 2 అంగుళాలు దిగింది. రెండు కట్టలూ కలిపి అంగుళానికి 400 పౌండ్లన్నమాట. మూడులో ఇంకో అంగుళం మిగిలింది, గతుకులకి అదే ఆధారం. అవే బస్తాలు క్యాబ్ వైపు జరిపితే సగం అంగుళం తక్కువ దిగింది. మెత్తగా ఉంటుందని కట్టలో అడుగున ఉన్న లావుపాటి హెల్పర్ ఆకు తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. తీయొద్దు. ఖాళీ బండి కాస్త ఎగిరిపడినా సరే, మిగిలిన మూడంగుళాల్ని కాపాడేది ఆ ఆకే.

ఫ్లిప్ తర్వాత కట్ట, దాని ప్లేటు యాక్సిల్ కింద వేలాడుతాయి. ఒక చక్రం రిమ్ అడుగు నుంచి ఎదుటి టైరు నేలను తాకేచోటికి దారం లాగి చూడండి. ఏదీ ఆ దారం కిందకి రాకూడదు. వస్తే, టైరు పగిలిన రోజున బండి రిమ్ మీద కాక ఆ ప్లేటు మీద రోడ్డును గీసుకుంటూ పోతుంది. 29 అంగుళాల ఎత్తుండే 255/70ఆర్15 టైరుతో ఇబ్బంది లేదు. అదే రిమ్‌కి టైరు సైడ్‌వాల్ ఎత్తు తగ్గేకొద్దీ ఈ ఖాళీ తగ్గుతుంది.

అరిగినవి, విసిగించినవి: పాలీయురేథేన్ షాకిల్ బుష్‌లు ఆరునెలలకోసారి గ్రీజు అడుగుతాయి, లేకపోతే కిర్రుమంటాయి. యాక్సిల్ మీదుగా పోయే పాత సైలెన్సర్ గొట్టం ఇక పట్టదు. యాక్సిల్‌కి ముందే పక్కకి తిప్పేయాలి. షాక్ అబ్జార్బర్ పాతదే ఉంచితే గతుకులో పూర్తిగా ముడుచుకుపోయి, బంప్ స్టాప్ తగలకముందే అదే స్టాప్ అవుతుంది, సీలు పోతుంది. బరువు వేసినప్పుడు హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి, కాబట్టి మామూలుగా మోసే బరువులో సగం వేసి లైట్లు సర్దించడం మంచిది.

ట్రైలర్ లాగేవాళ్లకి ఒక మాట. హిచ్ కూడా ఐదున్నర దిగింది గనక ట్రైలర్ ముక్కు నేల చూస్తుంది. రిసీవర్‌లో పెట్టే వంపు బాల్ మౌంట్‌ను తిరగేసి, వంపు పైకి వచ్చేలా పెడితే ఎత్తు మళ్లీ కలుస్తుంది; బాల్‌ను మాత్రం విప్పి పైకి చూసేలా బిగించాలి. ట్రైలర్ ముక్కు బరువు పడేది యాక్సిల్ వెనకాల. 300 పౌండ్ల ముక్కు యాక్సిల్ మీద 300 కంటే ఎక్కువే మోపుతుంది. 800 లెక్కలోంచి దాన్ని తీసేశాకే బెడ్‌లో సామాను వేసుకోండి.