లీటరు బ్లీచ్ సీసా: సరుకు మంచిదే, లేబులే దండగ

వరద తీశాక ఇల్లంతా ఒండ్రు, నీచు వాసన. అమలాపురంలో ఒక కొట్లో బ్లీచ్ సీసా కొన్నాను, ఐదు శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్‌లో క్రిముల్ని చంపే క్లోరిన్ మందు ఇదే) అని ఉంది. పని బాగానే చేసింది, కానీ ఎన్ని నీళ్లకి ఎంత కలపాలో చెప్పకుండా లేబుల్ మీద "తగినంత" అని రాసి ఊరుకున్నారు, పులుసులో ఉప్పా ఏమిటి?

లెక్క నేనే వేసుకున్నాను. పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు, నీటిలో అయితే లీటరుకి ఒక మిల్లీగ్రాము అనుకోవచ్చు. ఐదు శాతమంటే సుమారు 50,000 పీపీఎం. గచ్చుకి నాకు 1,000 కావాలి, అంటే 50 రెట్లు పలచన చేయాలి, 20 మి.లీ. బ్లీచ్‌కి 980 మి.లీ. చన్నీళ్లు. ముందు సబ్బునీళ్లతో ఒండ్రు కడగకపోతే క్లోరిన్ అంతా మురికికే ఖర్చయిపోతుంది. కిటికీలు తీసి, గ్లౌజులు వేసుకుని, పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేశాను.

మా అత్తయ్యగారు బాత్రూమ్ యాసిడ్ కూడా కాస్త పోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరాడదు.

మూత వదులు, సంచిలోనే కారి నా నీలం చీర మీద తెల్ల మచ్చ పడింది. కొనేముందు తయారీ తేదీ చూడండి, పాతబడితే బలం తగ్గుతుంది. ఐదుకి మూడు స్టార్లు.