నార్మన్ విల్కిన్‌సన్ బొమ్మల కోసం లండన్, యార్క్

లండన్ వెళ్లి నార్మన్ విల్కిన్‌సన్ పేరు పట్టుకుని తిరిగేవాళ్లు అరుదే. ఓడలన్నా రైల్వే పోస్టర్లన్నా పిచ్చి ఉన్న విశాఖవాణ్ణి కాబట్టి నేను తిరిగాను. 1878లో కేంబ్రిడ్జ్‌లో పుట్టి 1971లో పోయిన ఈ చిత్రకారుడి పనంతా ఒక్కచోట లేదు. గ్రీనిచ్‌లో కొంత, యార్క్‌లో కొంత, సముద్రం అడుగున ఒకటి. టైటానిక్ ఫస్ట్ క్లాస్ స్మోకింగ్ రూమ్‌లో వేలాడిన ఆయన ‘ప్లిమత్ హార్బర్’ 1912లో ఓడతో పాటే మునిగింది. అది న్యూయార్క్ రేవు బొమ్మ అని కొందరు చెబుతారు గానీ, ఆ బొమ్మ వేలాడింది జంట ఓడ ఒలింపిక్‌లో.

బస సంగతికొస్తే, గ్రీనిచ్‌లో గదులు ముచ్చటగానే ఉంటాయి, అద్దెలే చేదు. మేం ఈస్ట్ హామ్‌లో దిగాం. పొద్దున్నే ఇడ్లీ, సాంబారు దొరికే వీధి అది. అక్కణ్ణుంచి డిస్ట్రిక్ట్ లైన్ మెట్రోలో బో రోడ్, నాలుగడుగులు నడిచి బో చర్చ్‌లో డీఎల్ఆర్ అనే చిన్న రైలెక్కితే గ్రీనిచ్‌లోని కటీ సార్క్ స్టేషన్. బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, విడిగా టికెట్ కొనక్కర్లేదు.

గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. రెండో ప్రపంచ యుద్ధంలో విల్కిన్‌సన్ వేసి జాతికి ఇచ్చేసిన 54 బొమ్మలు ఈ మ్యూజియానివే. నార్మండీలో సేనలు దిగిన రోజున ఆయన జెర్విస్ అనే యుద్ధనౌక మీదే ఉన్నాడు. అయితే అవన్నీ వరసగా చూడొచ్చనుకుని వెళ్లకండి. ఇంత పెద్ద సేకరణలో గోడకెక్కేవి కొన్నే, మిగతావి స్టోర్‌లో ఉంటాయి. ఫలానా బొమ్మే చూడాలనుంటే ముందుగా ఈమెయిల్ రాసి అడగడం మంచిది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఇంపీరియల్ వార్ మ్యూజియం. ఇక్కడా టికెట్ లేదు. నేను చూసింది చిన్న కొయ్య ఓడ. ఒంటినిండా నలుపు, నీలం, తెలుపు పట్టీలు. ముక్కు దగ్గర ఒక పట్టీ ఎలా వంగిందంటే, ఓడ ఎటు తిరిగి ఉందో ఓ క్షణం అంతుపట్టదు. మా మేనల్లుడు అద్దానికి ముక్కు ఆనించి చూసి, “మావయ్యా, ఇంత కొట్టొచ్చే రంగులేస్తే ఓడ ఇంకా బాగా కనిపించదూ?” అన్నాడు.

వాడి అనుమానంలోనే విల్కిన్‌సన్ తెలివంతా ఉంది. 1917లో జర్మన్ సబ్‌మెరైన్లు బ్రిటిష్ ఓడల్ని వరసపెట్టి ముంచుతున్నాయి. పొగ కక్కే ఓడను ఆకాశం ముందు దాచడం ఎవరి తరమూ కాదు. మన విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కినవాళ్లకు తెలుసు, నీళ్లకింద ఉన్నవాడికి పైలోకం కనిపించేది ఆ పెరిస్కోప్ గొట్టంలోంచే. టార్పెడో వేసేది ఓడ ఇప్పుడున్న చోటికి కాదు, కాసేపట్లో ఉండబోయే చోటికి. ఓడ దిశ, వేగం అంచనా తప్పితే టార్పెడో వృథా. అందుకే దాచడం మానేసి కంటిని బోల్తా కొట్టించే ‘డాజిల్’ రంగులేశాడు. లండన్‌లోని చిత్రకళా సంస్థ రాయల్ అకాడమీ గదుల్లో కొయ్య నమూనాలను తిరిగే బల్ల మీద పెట్టి, పెరిస్కోప్‌లోంచి చూసి పరీక్షించేవారు. రంగులేసినవాళ్లలో ఆర్ట్ స్కూల్ అమ్మాయిలే ఎక్కువ. అక్కడ పనిచేసిన ఎవెలిన్ మెకంజీనే ఆయన 1918లో పెళ్లాడాడు. ఈ ఊహ ముందు నాదేనని జంతుశాస్త్రవేత్త జాన్ గ్రాహమ్ కెర్ గట్టిగా వాదించినా, బహుమతి సొమ్ము విల్కిన్‌సన్‌కే దక్కింది. ఆ రంగులు నిజంగా ఎన్ని ఓడల్ని కాపాడాయో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఇక యార్క్. కింగ్స్ క్రాస్ నుంచి రైల్లో రెండు గంటలు. టికెట్ ముందుగా కొంటే చవక, అప్పటికప్పుడు కొంటే జేబు ఖాళీ. మేం దిగిన లాడ్జింగ్‌లో లిఫ్ట్ లేదు. సూట్‌కేసు మోసుకుంటూ ఆ ఇరుకు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. పైగా ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. వేడి టిఫిన్ మాత్రం బాగుంది.

నేషనల్ రైల్వే మ్యూజియం స్టేషన్ పక్కనే, ఉచితమే. ఇక్కడి సేకరణలో వేల పోస్టర్లున్నాయి. వెలుతురుకు కాగితం పాడవుతుంది కాబట్టి అసలువి ఎప్పుడూ కొన్నే బయటికొస్తాయి. నేను తీరిగ్గా చూసింది షాపులోని ప్రింట్లే. అప్పటిదాకా రైల్వే పోస్టర్ అంటే చిన్న చిన్న బొమ్మలు, వాటి చుట్టూ కిక్కిరిసిన అక్షరాలు. విల్కిన్‌సన్ 1905 నుంచి లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకి వేసిన పోస్టర్లలో ఒకే దృశ్యం, నాలుగు మాటలు. 50 అంగుళాల వెడల్పు కాగితంలో సింహభాగం ఆకాశానికీ నీళ్లకీ వదిలేసే ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. 1924లో లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ (ఎల్ఎంఎస్) రైల్వే కోసం రాయల్ అకాడమీ పెద్దల చేత పోస్టర్లు వేయించిందీ ఈయనే. నాకు ఆయన యుద్ధం బొమ్మల కంటే ఈ పోస్టర్లే మిన్న.

లండన్‌లో టవర్ బ్రిడ్జి దగ్గరి పాత యుద్ధనౌక హెచ్ఎంఎస్ బెల్ఫాస్ట్‌కి కూడా మభ్యపెట్టే రంగులే, కానీ అది రెండో యుద్ధంనాటి పద్ధతి, విల్కిన్‌సన్‌ది కాదు. టికెట్ బరువు, లోపల మెట్లు నిట్టనిలువు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కకపోయినా నష్టం లేదు, ఒడ్డు మీంచే రంగులు బాగా కనిపిస్తాయి.