పేరున్న గిటారును గుర్తుపట్టాలంటే ఏది మేలు: నంబరా, తేదీలా, చెక్క చారలా, కాగితాలా?

పాతకాలపు ఎలక్ట్రిక్ గిటారు ఒకటి అమ్మకానికి వస్తుంది. ఫలానా రాక్ సంగీతకారుడు ఫలానా కచేరీలో వాయించింది ఇదేనని అమ్మేవారు చెబుతారు. ఆ మాట నిజమైతే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాకపోతే అది మంచి పాత గిటారు, అంతవరకే. తేల్చుకోవడానికి సీరియల్ నంబరు ఉంది, లోపలి భాగాల మీద వేసిన తేదీలున్నాయి, పాత ఫొటోలతో పోల్చి చూసే చెక్క చారలున్నాయి, గిటారు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే కాగితాలూ సాక్ష్యాలూ ఉన్నాయి. వీటిలో ఒక్కదాన్నే నమ్మాల్సి వస్తే నేను చెక్క చారలనే నమ్ముతాను.

అందరూ ముందుగా అడిగేది నంబరే. కానీ ఫెండర్ సంస్థ చేసే స్ట్రాటోకాస్టర్ అనే నమూనా విషయంలో ఆ నంబరు ఎక్కడుంటుందో చూడండి. 1970ల మధ్య వరకు చాలా స్ట్రాటోకాస్టర్లకు నంబరును నెక్ (తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి పిడి) వెనక బిగించే ఇనుప పలక మీదే కొట్టేవారు. ఆ పలకను మూడో నాలుగో స్క్రూలు పట్టి ఉంచుతాయి. అవి విప్పితే పలక మరో గిటారుకు మారిపోతుంది. పైగా కర్మాగారంలో ఆ పలకలు డబ్బాల్లో కుప్పగా ఉండేవి, వరుస చూసి తీసి బిగించినవి కావు. అందుకే చిన్న నంబరున్న గిటారు పెద్ద నంబరున్నదానికంటే ఆలస్యంగా తయారై ఉండవచ్చు. గిబ్సన్‌ది మరో చిక్కు. 1950లలో ఆ సంస్థ సిరాతో వేసిన నంబరులో మొదటి అంకె సంవత్సరాన్ని చెబుతుంది, అంతవరకు బాగానే ఉంది. 1960లలో మాత్రం వాడిన నంబర్లనే మళ్లీ మళ్లీ వాడారు. ఒకే నంబరుతో వేర్వేరు సంవత్సరాల గిటార్లు ఈనాటికీ కనిపిస్తాయి.

అయినా నంబరును కొట్టిపారేయలేం. 1962లో బీటిల్స్ బృందానికి చెందిన జాన్ లెనన్, జార్జ్ హారిసన్ లివర్‌పూల్‌లోని ఒకే దుకాణంలో ఒకే రకం గిబ్సన్ జే-160ఈ గిటార్లు కొన్నారు. పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే అయస్కాంత భాగం) అమర్చిన మామూలు చెక్కడబ్బా గిటార్లవి. లెనన్‌ది 1963 చివర్లో లండన్‌లో పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు అమెరికాలోని సాన్ డియేగోలో ఒకాయన దాన్ని మామూలు పాత గిటారుగా కొని, దశాబ్దాల పాటు ఇంట్లో వాయించుకున్నాడు. హారిసన్ గిటారు గురించి ఒక పత్రికలో చదివిన ఆయన మిత్రుడికి అనుమానం వచ్చింది, ఎందుకంటే రెండు నంబర్ల మధ్య తేడా నాలుగే. నంబరు ఆచూకీ ఇచ్చింది. ఖాయం చేసింది మాత్రం ఒంటి మీది చారలూ గీతలూ పాత ఫొటోలతో సరిపోవడమే. 2015లో ఆ గిటారు వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది. నంబరు ఎందుకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక లోపలి తేదీలు. వాల్యూమ్, టోన్ గుండ్రాల కింద ఉండే పొటెన్షియోమీటర్ల వెనక ఒక సంకేతం అచ్చు వేసి ఉంటుంది. 304 అని మొదలైతే తయారీదారు స్టాక్‌పోల్, 137 అయితే సీటీఎస్. ఆ తర్వాతి అంకెలు సంవత్సరం, వారం. ఫెండర్ నెక్‌ను విప్పితే దాని మడమ (ఒంటికి ఆనే చివర) మీద కూడా పెన్సిలుతో రాసిన తేదీనో రబ్బరు ముద్రనో కనిపిస్తుంది. నకిలీని పట్టుకోవడానికి ఇవి భలే పనికొస్తాయి. 1965 నాటి కచేరీలో వాయించిందని చెబుతున్న గిటారులో, చెదరని పాత టంకం కింద, 1968 నాటి భాగం కనిపిస్తే ఆ కథ అక్కడితో ముగిసినట్టే. కానీ ఈ సాక్ష్యం ఒకవైపే పనిచేస్తుంది. భాగం మీది తేదీ కంటే ముందు ఆ గిటారు తయారవలేదని మాత్రమే అది చెబుతుంది, ఎంత తర్వాత తయారైందో చెప్పదు. ఫెండర్ 1966లో ఈ పొటెన్షియోమీటర్లను పెద్ద ఎత్తున కొని నిల్వ పెట్టుకుంది, 1969 గిటార్లలోనూ 1966 సంకేతం కనిపిస్తుంది. ఆ నెలలో తయారైన వందల గిటార్లలో ఇది ఎవరిదన్న ప్రశ్నకు ఏ తేదీ దగ్గరా జవాబుండదు.

చెక్క సంగతి వేరు. మన పదో తరగతి ధ్రువపత్రంలో హాల్‌టికెట్ నంబరుతోపాటు పుట్టుమచ్చలు కూడా రాస్తారు కదా, చారలు గిటారుకు ఆ పుట్టుమచ్చల్లాంటివి. చెట్టు పెరిగిన తీరును బట్టి, రంపం కోసిన కోణాన్ని బట్టి ఏర్పడతాయి. ఏ రెండు పలకలకూ అవి ఒకేలా ఉండవు, ఎవరూ గీసి అతికించలేరు.

కెనడా గిటారిస్టు ర్యాండీ బ్యాక్‌మన్ కథ వింటే దీని బలం అర్థమవుతుంది. ద గెస్ హూ, బ్యాక్‌మన్-టర్నర్ ఓవర్‌డ్రైవ్ బృందాల్లో వాయించిన ఆయనకు కుర్రతనంలో కష్టపడి కూడబెట్టి కొనుక్కున్న 1957 నాటి నారింజ రంగు గ్రెచ్ 6120 గిటారు ఉండేది. 1970ల మధ్యలో టొరంటో హోటల్లో దాన్ని ఎవరో దొంగిలించారు. ఏళ్ల తరబడి వెతికినా దొరకలేదు. 2020లో ఒక అభిమాని ఇంట్లో కూర్చుని, ముఖాలను పోల్చే పద్ధతిని గిటారుకు అన్వయించి, ఇంటర్నెట్‌లోని గ్రెచ్ ఫొటోలను పాత దృశ్యాలతో పోల్చడం మొదలుపెట్టాడు. చెక్కలో ఉన్న ఒక చిన్న ముడి ఆయనకు గుర్తు. టోక్యోలోని ఒక దుకాణం పెట్టిన పాత ఫొటోలో ఆ ముడి కనిపించింది. ఆ తర్వాత జపాన్ సంగీతకారుడు తకేషి దాన్ని వాయిస్తున్న వీడియో దొరికింది. 2022 జులై 1న టోక్యోలోని కెనడా రాయబార కార్యాలయంలో బ్యాక్‌మన్ అదే ఏడాది, అదే నమూనా గ్రెచ్‌ను తకేషికి ఇచ్చి తన గిటారును తీసుకున్నారు. గిటారు ఏ దేశంలో ఉందో కూడా తెలియని స్థితిలో ఒక ముడి ఆచూకీ పట్టించింది. ఏ నంబరూ ఈ పని చేయలేదు, నంబరు చూడాలంటే ముందు గిటారు చేతికి రావాలి.

బాబ్ డిలాన్ స్ట్రాటోకాస్టర్ విషయంలో నాలుగు దారులూ ఒకేచోట కలిశాయి. 1965 జులై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో డిలాన్ ఎలక్ట్రిక్ గిటారుతో వేదికెక్కడం అమెరికన్ సంగీతంలో ఎంత దుమారం రేపిందో చాలామందికి తెలుసు. ఆ గిటారు ఒక చిన్న విమానంలో ఉండిపోయిందనీ, పైలట్ ఇంట్లో దశాబ్దాలు గడిపిందనీ ఆయన కూతురు చెప్పారు. పెట్టె మీద డిలాన్ సంస్థ యాషెస్ అండ్ శాండ్ పేరు అచ్చు ఉంది. లోపల పాటల చిత్తుప్రతులున్నాయి. గిటారు 1964లో తయారైంది, కాలం సరిపోయింది. ఇన్నీ కుదిరినా డిలాన్ తరఫు న్యాయవాది ఒప్పుకోలేదు, న్యూపోర్ట్ గిటారు ఆయన దగ్గరే ఉందన్నారు. నిజానికి ఆ అభ్యంతరం సబబైనదే. పెట్టె డిలాన్‌దైనంత మాత్రాన అందులోని గిటారే ఆ రాత్రి వాయించిందని ఎలా అంటాం? పాత గిటార్ల నిపుణుడు ఆండీ బాబియుక్ న్యూపోర్ట్‌లో దగ్గరగా తీసిన రంగుల ఫొటోలు ముందు పెట్టుకుని చెక్క చారలను పోల్చి చూశారు. సన్‌బర్స్ట్ పూత (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా వేసే రంగు) పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఆ చారలు కెమెరాకు చిక్కాయి. అదే గిటారని ఆయన తేల్చారు. 2012లో అమెరికాలోని పీబీఎస్ టీవీ దీన్ని ప్రసారం చేసింది. యాజమాన్యం గొడవ రాజీతో ముగిశాక, 2013 డిసెంబరులో క్రిస్టీస్ వేలంలో ఆ గిటారు 9,65,000 డాలర్లకు అమ్ముడైంది. గిటారు ఏదన్నది చారలు తేలుస్తాయి, ఎవరి సొత్తన్నది చట్టమే తేల్చాలి. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం చాలాచోట్ల చూస్తుంటాను.

చారలకు కూడా పరిమితులున్నాయి. గిబ్సన్ వారి లెస్ పాల్ నమూనా పైభాగంలోని మేపుల్ చెక్క మీద మిలమిలలాడే అలలు వెలుతురు పడే కోణాన్ని బట్టి స్థానం మార్చుకున్నట్టు కనిపిస్తాయి. అలలను పోల్చి ఇదే అదని చెప్పేవారిని నమ్మకండి. కదలని చారలు, ఖనిజ మరకలు, ముడులు చూడాలి. ఫొటోలు తక్కువగానో మసకగానో ఉంటే చారల సాక్ష్యం అక్కడే ఆగిపోతుంది.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి చెక్కను పూర్తిగా కప్పేసే రంగు. రాక్ గిటారిస్టు పీటర్ ఫ్రాంప్టన్ 1954 లెస్ పాల్ నల్లనిది. 1980లో వెనెజువెలాలోని కరాకస్‌లో సరకు విమానం కూలినప్పుడు కాలిపోయిందనే ఆయన అనుకున్నారు. అది కురసావ్ దీవిలో బతికే ఉంది, 2011లో ఆయనకు చేరింది. అలాంటి గిటారుకు సాక్ష్యం మనిషి చేసిన మార్పులే. రెండు పికప్‌లతో పుట్టిన ఆ గిటారుకు మూడు హంబకర్లు (రెండు తీగచుట్టల పికప్‌లు) పట్టేలా చెక్కను తొలిచారు, ఆ కోతలు మరో గిటారులో అచ్చంగా అలాగే ఉండే అవకాశం లేదు. పైన కాలిన గుర్తులు సరేసరి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్ ఇంకా కష్టం, సన్‌బర్స్ట్ మీద నలుపు వేశారు, నెక్ పలుమార్లు మార్చారు. 2019లో అది 39,75,000 డాలర్లు పలికింది. కొన్నప్పటినుంచీ అది గిల్మోర్ సొత్తే. అక్కడ గుర్తింపు ప్రశ్నే రాలేదు.

కాబట్టి కాగితాలు, మనుషుల సాక్ష్యం ఎప్పుడు మేలంటే, గొలుసు పొట్టిగా ఉన్నప్పుడు. జిమీ హెండ్రిక్స్ వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాయించిన తెల్ల స్ట్రాటోకాస్టర్ ఆయన డ్రమ్మర్ మిచ్ మిచెల్ దగ్గర ఉండి, 1990లో సోథెబీస్ వేలానికి వచ్చింది. మధ్యలో ఒక్క చెయ్యే. బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ హాఫ్నర్ బేస్ గిటారుది దీనికి విరుద్ధం. 1972లో లండన్ నాటింగ్ హిల్‌లో వ్యాను నుంచి పోయింది, ఒక పబ్బు యజమాని చేతికి వెళ్లి ఆయన కుటుంబంలోనే ఉండిపోయింది. ప్రజలను సమాచారం అడిగితే తప్ప ఆ దారి తెలిసేది కాదు. దొరికాక హాఫ్నర్ సంస్థ స్వయంగా పరీక్షించి ధ్రువీకరించింది. మనుషుల మాట ఇంటిదాకా తీసుకెళ్లగలదు, లోపలున్నది అదో కాదో వస్తువునే అడగాలి.

ధ్వనిని నమ్మేవారూ ఉన్నారు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ గిటారిస్టు పీటర్ గ్రీన్ లెస్ పాల్‌కు ఒక పికప్‌లో అయస్కాంతం తిరగబడి, రెండు పికప్‌లూ కలిపితే పల్చని ముక్కుధ్వని వచ్చేది. అందమైన గుర్తే గాని, ఏ మరమ్మతుదారైనా కాసేపట్లో మరో గిటారుకు అదే మార్పు చేయగలడు.

అందువల్ల పారదర్శకమైన పూత, మంచి ఫొటోలు ఉంటే చారలే మేలు, మరో మాట లేదు. నిండు రంగు ఉంటే పూతకు అడుగున ఉన్న కోతలూ మరమ్మతులూ చూడాలి. రెండూ కుదరకపోతే నంబరు, తేదీలు, చేతులు మారిన క్రమం మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక్కటి తప్పినా కొనకండి. అమ్మేవారు నంబరు ఫొటో ఒక్కటే పంపితే పికప్‌లు ఎత్తి తీసినవి, పగటి వెలుతురులో ఒంటి ముందువెనకలు తీసినవి, నెక్ విప్పి మడమను తీసినవి కూడా అడగండి. నిజమైన గిటారు ఉన్నవారికి అవి పంపడానికి అభ్యంతరం ఉండదు.