సోబూట్కా మంటకి ఓస్‌ట్సిపెక్ కొంటున్నారా?

పోలండ్ తాత్రా కొండల్లోని గోరల్ కాపరులు చేసే పొగబెట్టిన గొర్రెపాల చీజ్ ఇది. జూన్ 23 రాత్రి, సెయింట్ జాన్ పండగ ముందు వేసే ఈ సోబూట్కా మంటల దగ్గరికి భేషైన సరుకు, అసలుదైతేనే. 2008 నుంచి ఐరోపా సమాఖ్య గుర్తింపు ఉంది: కనీసం 60 శాతం గొర్రెపాలు, పొడవు 17–23 సెం.మీ., బరువు 600–800 గ్రాములు, రెండు కొసలా సన్నబడే కదురు ఆకారం. తాత్రా కొండల ఊరు జకోపానేలో అమ్మే బండ్ల మీద ఆవుపాలవీ ఇదే రంగులో ఉంటాయి, అడిగి కొనండి. చలికాలంలో గొర్రెలు పాలివ్వవు కాబట్టి అప్పటి ‘తాజా’ మాట నమ్మకండి.

అర సెంటీమీటరు మందాన కోసి, మంట తగ్గాక నిప్పుల మీద రెండు వైపులా ఎర్రబడేదాకా కాల్చాలి. మంట సోకితే పైన మాడిపోతుంది, లోపల చల్లగానే ఉంటుంది. ఉప్పునీటిలో నానినదే, మళ్లీ ఉప్పెందుకు? క్రాన్‌బెర్రీ జామ్ చాలు. ప్లాస్టిక్‌లో చుడితే చెమర్చి బూజు పడుతుంది, కాగితమే మేలు. చల్లారితే రబ్బరే. నా రేటింగ్ 4/5.